మామూ, ఇది చోరీయా?

మా ఆపా కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా అడిగిన సవాల్ ఇది. 2017 చలికాలం, ఐతారం పొద్దున. నాష్తా అయిపోయింది, నేను అఖ్బార్లు ముందేసుకుని కూర్చున్నా. వాడు వచ్చి పక్కన చేరాడు.

"మామూ, ఆటలో లేని నక్షా ఒకటి బయట దొరికింది. అది చూసుకుంటూ ఆడితే చోరీ అవుతుందా?"

(వాడు అడిగింది మా దక్కనీలోనే. నేను తెలుగులో రాస్తున్నా గనక ఇలా వచ్చింది.)

ఇరవై ఏళ్ళ సహాఫత్‌లో చోరీ ఖబర్లు బోలెడు రాశాను. బంగారం, బైకులు, ఒకసారి దర్గా హుండీ కూడా. నక్షా చూడటం చోరీ అవుతుందా అని ఎవరూ అడగలేదు. ఏమైంది బేటా అంటే, దోస్తుల్లో బహస్ నడుస్తోందని చెప్పాడు. సగం మంది వాడిని బేయీమాన్ అంటున్నారట. ఆ మాట వాడికి గట్టిగానే తగిలింది.

ఆట పేరు పోకెమాన్ గో. ఆడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్తాను. ఫోన్‌లో మీ మొహల్లా నక్షా కనిపిస్తుంది. మీరు నడుస్తుంటే నక్షా మీద మీ బొమ్మ కూడా నడుస్తుంది. దారిలో వింత వింత జానవర్లు లేస్తాయి, బంతి విసిరి పట్టుకోవాలి. పాత కమాన్, గుడి, మసీదు గేటు, పార్కులో విగ్రహం లాంటి అసలు జాగాల దగ్గర పోకెస్టాప్‌లు ఉంటాయి. బంతులూ సామానూ అక్కడ దొరుకుతాయి. కొన్ని జాగాలు జిమ్‌లు. జిమ్‌లో మన జానవర్‌ని పహరాకి పెట్టి రావొచ్చు, అది అక్కడ నిలబడినంతసేపూ మనకు నాణేలు పడతాయి. బయట లేచే జానవర్ మాత్రం ఎక్కువసేపు ఉండదు. పావుగంటో అరగంటో ఉండి గాయబ్. ఎక్కడుందో తెలియాలి, గాయబ్ అయ్యేలోపు చేరాలి. ఆటంతా ఇంతే.

నియాంటిక్ అనే అమెరికా కంపెనీ 2016 జూలై 6న దీన్ని అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో వదిలింది. మన దేశానికి బాఖాయిదా వచ్చింది డిసెంబర్‌లో, రిలయన్స్ జియోతో కలిసి. మధ్యలో ఐదు నెలలు మన పిల్లలు ఆగారనుకుంటున్నారా? ఎక్కడెక్కడి నుంచో ఫైలు తెచ్చి ఫోన్‌లో ఎక్కించుకుని ఆడారు. ఆ సెప్టెంబర్‌లోనే గుజరాత్ హైకోర్టులో ఒక పిటిషన్ పడింది. ఇబాదత్ జరిగే చోట్ల ఈ ఆటలో గుడ్లు దొరుకుతున్నాయి, మనోభావాలు దెబ్బతింటున్నాయి అని. ఆట బాఖాయిదాగా రాకముందే కోర్టుకెక్కింది. మన ముల్క్ అంటే మజాకా!

సరే, నక్షా సంగతికి వస్తాను.

మొదట్లో వెతికే తరీఖా ఆటలోనే ఉండేది. దగ్గర్లో ఉన్న జానవర్ల బొమ్మల కింద పాదాల గుర్తులు. ఒక పాదమంటే దగ్గర, మూడు పాదాలంటే దూరం. పాదాలు తగ్గుతున్నాయా పెరుగుతున్నాయా చూసుకుంటూ నడవాలి. జూలై సగానికల్లా అది ఖరాబైంది. ఏ జానవర్ కింద చూసినా మూడే పాదాలు. నెలాఖరు అప్‌డేట్‌లో ఆ పాదాలనే మొత్తంగా తీసేశారు. అంటే ఏదో జానవర్ దగ్గర్లోనే ఉంది అంటుంది, ఎటు వెళ్ళాలో చెప్పదు.

ఆ ఖాళీలోకి బయటివాళ్ళు దూరారు. అందరికంటే మష్హూర్ అయింది పోకెవిజన్. అది పనిచేసే తరీఖా సాదాగానే ఉంటుంది. ఉత్తుత్తి ఖాతాలు తెరుస్తారు. ఆ ఖాతా ఫలానా గల్లీలో నిలబడి ఉన్నట్టు కంపెనీ సర్వర్‌కి చెప్తారు. ఇక్కడేముంది అని సర్వర్‌ని అడుగుతారు. నిజంగా మనిషే ఉన్నాడనుకుని సర్వర్ చెప్పేస్తుంది, ఫలానా జానవర్ ఉంది, ఇంకా ఇన్ని నిమిషాలు ఉంటుంది అని. ఇలా గల్లీ గల్లీకీ అడిగి, జవాబులన్నీ ఒక నక్షా మీద పరిచేస్తారు. మీరు మంచం మీద పడుకునే షహర్‌లో ఏ మూల ఏముందో చూడొచ్చు.

నియాంటిక్ అధినేత జాన్ హాంకీ ఇవి తనకు నచ్చవని అప్పుడే బాహాటంగా చెప్పాడు. జూలై 31కల్లా పోకెవిజన్ బందైంది. ఆగస్టు 4న కంపెనీ తన సంజాయిషీ రాసింది. బయటి నక్షాలు సర్వర్ల మీద మోపే బరువు వల్ల కొత్త దేశాల్లో, ముఖ్యంగా బ్రెజిల్‌లో ఆట వదలడం ఆలస్యమైందని. పోకెవిజన్ తయారుచేసిన యాంగ్ లియూ హాంకీకి బహిరంగ ఖత్ రాశాడు. మీ ఆటలో వెతికే సాధనం పనిచేసి ఉంటే జనం మా దగ్గరికెందుకు వచ్చేవాళ్ళు అన్నది అతని వాదన సారాంశం.

ఆడేవాళ్ళు అప్పుడే రెండు జమాత్‌లుగా చీలిపోయారు, ఇప్పటికీ అలాగే ఉన్నారు. ఒక జమాత్ మాట ఏమిటంటే, వెతకడమే ఆట. ఎక్కడుందో ముందే తెలిస్తే అది ఆట కాదు, కిరాణా దుకాణానికి వెళ్ళి ఉప్పు తెచ్చుకోవడం. పైగా నక్షా వాడేవాడు నెలలో చేరే చోటికి, వాడనివాడు ఏడాదికి చేరతాడు. జిమ్‌లో ఇద్దరూ ఎదురుపడితే ఇన్సాఫ్ ఎక్కడుంది? రెండో జమాత్ జవాబు: మాకూ వెతకాలనే ఉంది. వెతికే సాధనం తీసేసింది మీరు. గుడ్డివాడి చేతిలో కర్ర లాక్కుని, తడుముకోవడంలోనే మజా ఉంది అంటే ఎలా?

నేను మా భాంజా వైపే తీర్పు చెప్పాను. ఎందుకు చెప్పానో కొంచెం తఫ్సీల్‌గా చెప్పాలి.

2016 నవంబర్ నుంచి కంపెనీ కొత్త సాధనం ఇచ్చింది. అది ఏ జానవర్ ఏ పోకెస్టాప్ దగ్గరుందో ఫోటోతో సహా చూపిస్తుంది. బాగుంది. కానీ పోకెస్టాప్‌లు లేని చోట? ఆ సాధనం దాదాపు ఉన్నా లేనట్టే. పోకెస్టాప్‌లు ఎక్కడ పుట్టాయో చూడండి. నియాంటిక్ అంతకు ముందు 2012లో ఇంగ్రెస్ అనే ఆట తెచ్చింది. దాన్ని ఆడినవాళ్ళు తమ చుట్టూ ఉన్న విశేషాల ఫోటోలు తీసి పంపారు. ఆ జాగాలే తర్వాత పోకెస్టాప్‌లయ్యాయి. ఇంగ్రెస్ ఎవరు ఆడారు? మంచి ఫోను, ఖాళీ సమయం, రాత్రిపూట బేఫికర్‌గా తిరిగే వీలు ఉన్నవాళ్ళు. అమెరికాలో అర్బన్ ఇన్‌స్టిట్యూట్ 2016లో వాషింగ్టన్ నగరాన్ని లెక్కగట్టింది. తెల్లవాళ్ళు ఎక్కువుండే వాడల్లో సగటున 55 జాగాలు, నల్లవాళ్ళు ఎక్కువుండే వాడల్లో 19. ఎవరూ తాస్సుబ్‌తో కూర్చుని చేసింది కాదు. నక్షా గీసినవాళ్ళ పాదాలు ఎటు నడిచాయో నక్షా అటే నిండింది.

మా ఆపా ఉండేది బహదూర్‌పురా దగ్గర ఒక గల్లీలో. అప్పట్లో అక్కడి నుంచి పోకెస్టాప్ చేరాలంటే కిలోమీటరుకు పైనే నడవాలి. ఆ గల్లీలో కమాన్ లేదా? ఉంది. నా కంటే, మా అబ్బా కంటే పాతది. దాని ఫోటో పంపిన ఇంగ్రెస్ ఆటగాడు మాత్రం లేడు.

ఇంకొక సంగతి ఉంది, అది నక్షాలో కనిపించదు. ఈ ఆట ఆడేవాడి చాల్ చూడండి. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు. వెనక్కి వస్తాడు. ఎవరింటి ముందో నిలబడి ఫోన్ పైకెత్తుతాడు. మళ్ళీ అదే గల్లీలో తిరుగుతాడు. ఈ పని జూబ్లీహిల్స్‌లో ఒక అబ్బాయి చేస్తే ఏదో ఆట ఆడుతున్నాడులే అనుకుంటారు. మా భాంజా చేస్తే? అప్పుడప్పుడే మీసం గడ్డం వస్తున్నాయి వాడికి. ఒక రాత్రి పదిన్నరకు గస్తీ వాళ్ళు ఆపారు. ఎవరి ఇల్లు చూస్తున్నావు, ఎవరికి ఫోటోలు పంపుతున్నావు. వాడు ఆట చూపించాడు. ఫోన్ తీసుకుని గ్యాలరీ అంతా తిరగేశారు. గంట తర్వాత వదిలారు. కొట్టలేదు, తిట్టలేదు, ఆ మాట చెప్పాలి. కానీ మా ఆపా ఆ రాత్రి మొత్తం జానిమాజ్ మీదే కూర్చుంది. పాతబస్తీలో ఆపరేషన్ చబూత్రా అని పేరుపెట్టి, రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్ళని తీసుకెళ్ళి, తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇచ్చిన షహర్ ఇది. ఊరికే తిరగడం అందరికీ ఒకేలా సస్తా కాదు.

ఇదేదో మన దగ్గరి గోడే అనుకోకండి. ఆట వచ్చిన రెండో రోజో మూడో రోజో అమెరికాలో ఒమారీ అకీల్ అనే నల్లజాతి రచయిత ఒక వ్యాసం రాశాడు. నల్లవాడు ఈ ఆట ఆడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే అని. జానవర్ కోసం తెలియని వీధిలో అటూ ఇటూ తిరిగే నల్లజాతి మగవాడు చూసేవాళ్ళ కళ్ళకు ఎలా కనిపిస్తాడో రాశాడు. అది చదివినప్పుడు నాకు మా భాంజా మొహమే కనిపించింది. బోస్నియాలో మందుపాతరలు తీసే సంస్థ ఒకటి అదే జూలైలో ఆటగాళ్ళని హెచ్చరించింది, ఇంకా సాఫు చేయని పొలాల్లోకి జానవర్ల కోసం వెళ్ళకండి అని. వెతుకులాటలో మజా ఉంది నిజమే. ఆ మజా ఖరీదు నేలను బట్టి, మొహాన్ని బట్టి మారుతుంది.

కాబట్టి నేను వాడితో అన్నాను: చోరీ కాదు బేటా. ఫలానా చోట ఉందని తెలిస్తే నువ్వు తిన్నగా వెళ్తావు, పట్టుకుంటావు, ఇంటికొస్తావు. మీ అమ్మీ పడుకుంటుంది. సర్వర్ మీద బరువు అంటావా, అది కంపెనీకి కాస్త నష్టమే, నేను కాదనను. ఆ నష్టం వాళ్ళ తిజోరీ తట్టుకోగలదు.

వాడు ఖుష్ అయిపోయాడు. మామూ ఫత్వా ఇచ్చాడని దోస్తులందరికీ చెప్పుకున్నాడు.

ఆరు నెలలు గడిచాయి.

వాడి బాజీ, అంటే మా భాంజీ, అప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడాది. ఆమె కూడా ఆడేది. నిజానికి వాడి కంటే బాగా ఆడేది. కాలేజీ దగ్గర జిమ్‌లో పొద్దున ఒక జానవర్‌ని పెట్టేది, సాయంత్రం బస్సు మారే చోట ఒకటి, రాత్రి ఇంటి దగ్గర్లో ఇంకొకటి. రోజుకి గరిష్ఠంగా 50 నాణేలు వస్తాయి, ఆ 50 ఆమె వదిలేది కాదు. ఒక సాయంత్రం బస్టాప్‌లో ఎవరో అబ్బాయి ఎదురుగా వచ్చి నవ్వాడు. ఆమెను పిలిచాడు, అసలు పేరుతో కాదు, ఆట పేరుతో. ఇవాళ ఆలస్యమైందే అన్నాడు.

అంతే. చేయి వేయలేదు, వెంట పడలేదు. మర్నాడు ఇంకో జిమ్ దగ్గర కనిపించాడు. మూడో రోజు మా ఆపా ఇంటి గల్లీ మొదట్లో.

ఎలా తెలిసింది? అదే నక్షా. మా భాంజా దోస్తులే కొందరు కలిసి ఒక నక్షా నడుపుకునేవాళ్ళు. నెలకు ఇంత అని చందా. వీడు తన జేబుఖర్చులోంచి నెలకు వంద రూపాయలు కట్టేవాడు. నక్షా జానవర్లతో పాటు జిమ్‌లను కూడా చూపించేది. జిమ్ మీద వేలు పెడితే లోపల ఎవరెవరి జానవర్లున్నాయి, ఏ వేళకు పెట్టారు, అన్నీ. ఆ అబ్బాయి ఒక పేరు పట్టుకుని వారం రోజులు చూశాడు. ఎనిమిది నలభైకి ఇక్కడ, ఐదున్నరకు అక్కడ, తొమ్మిదికి ఇంకొక చోట. మూడు చుక్కలు కలిపితే ఒక అమ్మాయి రోజు మొత్తం దొరికింది.

భాంజీ ఆట తీసేసింది. ఇంట్లో కారణం చెప్పలేదు, చెప్తే ఫోన్ పోతుంది, ఆ తర్వాత కాలేజీ కూడా పోవచ్చు. నాకు చెప్పింది. తమ్ముడికి చెప్పవద్దంది. నేను చెప్పాను. వాదా తప్పాను, అవును. వాడు ఆ రాత్రే తన దోస్తులతో గొడవపడ్డాడు. వాళ్ళు అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "అరె భాయ్, జిమ్ దగ్గరికి వెళ్తే ఆ పేర్లు ఆటలోనే కనిపిస్తాయి కదా. మేం కొత్తగా ఏం చూపించాం?"

ఈ వాదన ముందు చాలామంది చదువుకున్నవాళ్ళు కూడా తల ఊపేస్తారు. ఇందులో ఉన్న ధోఖా చూడండి. మా మొహల్లాలో పాలవాడికి నేను ఎప్పుడు లేస్తానో తెలుసు. మసీదు దగ్గర చెప్పులు చూసుకునే తాతకు నేను ఏ పూట వచ్చానో తెలుసు. చాయ్ హోటల్ వాడికి నా దోస్తులెవరో తెలుసు. ముగ్గురికీ తలా ఒక ముక్క తెలియడం జిందగీ. ఆ మూడు ముక్కలూ ఒకడు ఒక కాగితం మీద రాసుకుంటే అది జాసూసీ. కొత్త ఖబర్ ఒక్కటీ చేరలేదు. ఒకచోట చేర్చడమే కొత్త పని.

నేను చదివింది ఉర్దూ మీడియంలో. డెస్కు కింద ఇబ్నె సఫీ జాసూసీ నావెల్ పెట్టుకుని, పైన జియోమెట్రీ పుస్తకం తెరిచిన పిల్లల్లో నేనూ ఒకడిని. తర్వాత డిగ్రీ తెలుగులో చేశాను. రెండు భాషల మధ్య తిరగడంలో ఒక ఫాయిదా ఉంది. తెలుగులో కుతూహలానికీ నిఘాకీ చుట్టరికం లేదు. ఉర్దూలో తజస్సుస్, జాసూస్ ఒకే ఇంటి పిల్లలు. తజస్సుస్ అంటే మా ఉస్తాద్ తెలుసుకోవాలనే తపన అని చెప్పేవారు. అరబ్బీలో అదే మాట ఇంకొకరి గుట్టు తవ్వడం, దీన్ దాన్ని మనా చేసింది. ఏది తెలుసుకోవాలని తపిస్తున్నామన్నదాన్ని బట్టి అది తపనా, తవ్వడమా తేలుతుంది. జానవర్ ఎక్కడుందో తెలుసుకోవాలనుకుంటే తజస్సుస్. ఆడపిల్ల ఎక్కడుందో తెలుసుకోవాలనుకుంటే జాసూసీ. నేను ఆ ఐతారం నాడు ఈ ఫరక్ చూడలేదు. అందుకే ఈ వ్యాసం.

ఇంగ్రెస్ ఆడినవాళ్ళకు ఈ బాధ మొదటి నుంచీ తెలుసు. అందులో మీరు ఒక జాగాను గెలిస్తే, ఎవరు గెలిచారు, ఎప్పుడు గెలిచారు అన్నది అందరికీ కనిపిస్తుంది. వాటన్నిటినీ కలిపి, ఒక ఆటగాడు ఎటు నుంచి ఎటు వెళ్ళాడో గీత గీసి చూపించే బయటి సాధనాలూ వచ్చాయి. ప్రత్యర్థిని తెలుసుకోవడం ఆటలో భాగమే అని కొందరు, నా ఇంటి దారి ఆటలో భాగం కాదు అని కొందరు. పోకెమాన్ వాళ్ళు ఈ బహస్‌ని వినకుండా మొదటి నుంచీ జానవర్ నక్షాల దగ్గరే ఆగిపోయారు. చీటింగా కాదా, ఖాతాకి సజా పడుతుందా పడదా, ఇదే మాట. 2017 నుంచి కంపెనీ కూడా బయటి సాధనాలు వాడే ఖాతాలకు అరుదైన జానవర్లు కనిపించకుండా చేసింది. సజా అంతా జానవర్ల విషయంలోనే. పేరూ వేళా బయటికిచ్చే తలుపు సంగతి నాకు ఎక్కువ వినిపించలేదు.

ఇక కంపెనీ గురించి. బయటివాళ్ళు మా డేటా తోడుకుంటున్నారని ఫిర్యాదు చేసే కంపెనీ, తాను ఏం తోడుకుంటోంది? ఆటగాళ్ళు తీసి పంపిన జాగాల స్కాన్‌లతో లోకం మొత్తానికి ఒక నమూనా తయారుచేస్తున్నామని నియాంటిక్ 2024 నవంబర్‌లో తనే చెప్పింది. స్కాన్ పంపడం ఆటగాడి మర్జీ, అది నిజం. అయినా బంతుల కోసం పంపిన కుర్రవాడికి ఆ సంగతి ఎంతవరకు తెలుసు? 2025లో పోకెమాన్ గో సహా తన ఆటల్ని స్కోప్లీ అనే కంపెనీకి 350 కోట్ల డాలర్లకు అమ్మేసింది. స్కోప్లీ యజమాని సావీ గేమ్స్, దాని యజమాని సౌదీ ప్రభుత్వ నిధి. ఇదే సౌదీలో 2001లో పోకెమాన్ మీద ఫత్వా వచ్చింది. 2016లో ఆట పుంజుకున్నప్పుడు అదే ఫత్వా మళ్ళీ బయటికొచ్చింది, కొత్తగా ఏమీ ఇవ్వలేదని సర్కారు సర్దిచెప్పుకుంది. మా ఇంటి పక్క హజ్రత్ అప్పట్లో ఈ ఫత్వా చూపించి పిల్లల ఫోన్‌లు తీయించారు. ఇప్పుడాయనకు ఈ ఖబర్ చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తూనే ఉన్నా.

హసీ పక్కన పెడితే, అమ్మకం ఖబర్ రాగానే ఆటగాళ్ళలో లేచిన భయం ఇదే. మా నడక మొత్తం ఎవరి చేతికి పోతోంది? ఆ భయం సహీ. కానీ తొమ్మిదేళ్ళుగా తోటి ఆటగాడి నడకను నక్షా మీద ఆరబెట్టినప్పుడు ఈ భయం ఎక్కడికి పోయింది?

నా రాయి ఇది. జానవర్‌ని చూపించే నక్షాను నేను ఇప్పటికీ చోరీ అనను. కంపెనీ బేషక్ తన సర్వర్‌ని కాపాడుకోవచ్చు. ముందు గల్లీల్లో కూడా పనిచేసే వెతుకు సాధనం ఇవ్వమనండి, బయటి నక్షా దానంతటదే ఎండిపోతుంది. మనిషి పేరూ వేళా కలిపి చూపించే సాధనం మాత్రం చోరీ కంటే బత్తర్. దానికి దోస్తీ చందా కట్టినా, ఊరికే చూసినా. నడిపే పిల్లలకు ఒక్క పని చెప్తాను: జిమ్ ఖాళీ ఉందా నిండిందా అన్నంతవరకే చూపించండి. ఆ రెండు గడులు తీసేయడానికి ఎంతో కోడ్ పట్టదని మా భాంజాయే చెప్పాడు. తన దోస్తుల నక్షాలో వాడే తీయించాడు, గొడవైన మూడో రోజుకల్లా. ఆ తర్వాత చందా ఇవ్వడం కూడా మానేశాడు.

వాడిప్పుడు ఉద్యోగంలో ఉన్నాడు. ఇంకా ఆడతాడు. ఆట లెవెల్ బాగా పెరిగాక, కొత్త పోకెస్టాప్ కోసం దరఖాస్తు పెట్టుకునే హక్ వచ్చింది. మొదటి దరఖాస్తు ఆ గల్లీ కమాన్‌కే పెట్టాడు. ఫోటో నన్నే తీయమన్నాడు. నీడ పడిందని ఒకసారి తిరగ్గొట్టారు, రెండోసారి మంజూరైంది.

భాంజీ కూడా మళ్ళీ ఆడుతోంది, రెండేళ్ళయింది. కొత్త పేరు పెట్టుకుంది, అదేమిటో నాకు కూడా చెప్పలేదు. కమాన్ దగ్గర బంతులు తీసుకుంటుంది. జిమ్‌లో మాత్రం ఏదీ పెట్టదు. రోజుకి 50 నాణేలు పోతాయి కదా అని అడిగాను మొన్న. "పోనీ మామూ" అంది.